ఎంగిలి ముత్యం

తుర్కీలోని తూర్ అబ్దీన్ కొండల్లో మా ఊరి పాదిరి, మేం అబూనా అని పిలిచే బర్సౌమ, రోగుల ఇళ్లకు నడిచేటప్పుడు గుండెల మీద నుంచి కుడిచెయ్యి తీసేవాడు కాడు. ఆ చేతికింద, అంగీ లోపల, వెండి భరిణె ఉండేది. అందులో ప్రతిష్ఠించిన రొట్టె తునకలు. మావాళ్లు వాటిని రొట్టె అనరు, క్రీస్తు శరీరం కనుక ముత్యాలంటారు. పూజ అయ్యాక బర్సౌమ వేలు తడిచేసుకుని, పళ్లెమంతా అద్ది, చీమతలంత పలుకు కూడా వదలకుండా ఏరి మింగేవాడు. "కోడిలా ఏరుతున్నారేంటి అబూనా?" అని ఆడవాళ్లు నవ్వేవారు. "సముద్రం మనకి దూరం కదమ్మా, దొరికినవి పారబోసుకుంటామా?" అనేవాడు.

ఆ శీతకాలం రాతిపని మల్కేని క్షయ తినేసింది. భార్య సైదే కబురు పెడితే బర్సౌమ మంచులో పడి వచ్చాడు. మల్కే నాలుక మీద ముత్యం పెట్టీ పెట్టకముందే దగ్గు తెర వచ్చి, అది నెత్తుటి కళ్లెతో దుప్పటి మీద పడింది.

"ముట్టుకోకండి అబూనా! మా మామని మింగిన జబ్బే ఇది," అని సైదే అరిచింది.

"దేవుడికి... నేను వద్దా?" అన్నాడు మల్కే.

బర్సౌమ ఆ కళ్లెలోంచి తునకను తీసి తన నోట్లో వేసుకున్నాడు. "నీ నాలుక తాకింది, చాలు నాయనా. మింగడం నీ బదులు నేను మింగాను."

దీపాలవేళకు మల్కే పోయాడు. ఎండాకాలానికి బర్సౌమకు దగ్గు పట్టుకుంది. సైదే రోజూ జావ తెచ్చి ఆయన గుమ్మం బయట పెట్టి, తలగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి నడిచేది. ఆమె మలుపు తిరిగేదాకా ఆయన తలుపు తీసేవాడు కాడు.