వెచ్చని గచ్చు

నైజాం పాలన పోయిన మరుసటి చలికాలం, సూర్యాపేటలో మా ఇంటి పునాదిని నెడుతున్న చింతచెట్టును కొట్టించాం. మొద్దు ఊడిరాకపోతే మా మామగారు దాని చుట్టూ మిల్లు ఊక పోసి నిప్పు పెట్టారు. ఊక రోజుల తరబడి రాజుతూనే ఉంది. ఇంట్లో సిమెంటు గచ్చు వెచ్చబడింది. నెలల పాపను అక్కడే పడుకోబెట్టాను.

“నీ బిడ్డకు దొరసాని పడక దొరికిందే!” అని అత్తమ్మ నవ్వింది.

మర్నాడు ఆమె బిందె దించగానే గచ్చు డొల్లగా మోగింది.

“అయ్యో, పిల్లను తియ్యవే! కింద వేర్లు కాలుతున్నయే!”

పాపను ఎత్తుకుని గడప దాటానో లేదో, గచ్చు కుంగి బొంత నిప్పుల్లో పడింది.

వేర్లు కాలిన బొరియల్లో నీళ్లు పోసి, ఇసుక కూరి పునాది నిలబెట్టుకున్నాం. ఇప్పటికీ పసిపిల్లలను పడుకోబెట్టే ముందు అరచేత్తో నేల తడిమి చూస్తాను. చల్లగా తగిలితేనే నాకు ధైర్యం.