ఇరవై ఏడు శాతం దగ్గర

"కరెంటు పోలేదన్నా. నేనే ఆపాను."

ఈ మాట అనడానికి మరిదికి రెండు రోజులు పట్టింది. అదైనా వదిన దారాలు కొనడానికి వెళ్లాక, కంప్యూటర్ వెనక తీగలు సర్దుతున్న మెకానిక్ వీపుతో చెప్పాడు. మెకానిక్ వెనక్కి తిరగలేదు. ఆపేటప్పుడు డిస్కు లైటు మిణుకుతోందా అని మాత్రం మెల్లగా అడిగాడు.

"లైటెవరు చూశారు? అప్‌డేట్ ఇరవై ఏడు శాతం దగ్గర ముప్పావుగంట కదల్లేదు. చెయ్యి దానంతటదే స్విచ్చి మీదికి పోయింది."

పోదూ మరి! ఎంబ్రాయిడరీ మిషన్లో దారం చిక్కుపడితే ముందు స్విచ్చి కట్టెయ్యాలి, ఆలోచన తర్వాత. ఆ కుట్టుపని గదిలో పన్నెండేళ్లుగా అతని చేతికి అదే అలవాటు. నేర్పింది వదినే. కాలితో తొక్కే మిషన్ నుంచి మొదలుపెట్టి, ఆవిడ ఒక్కో పువ్వూ ఒక్కో తీగా గీసి కూడబెట్టిన డిజైన్లు తొమ్మిది వందల పైచిలుకు ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. ఇప్పుడు తెర మీద గిరగిరా తిరిగే చుక్కలు తప్ప ఏమీ లేదు.

వదిన అడిగితే భయంకొద్దీ కరెంటు పోయిందనేశాడు. ఆవిడ తిన్నగా పక్క షెడ్డుకు వెళ్లి వెల్డింగ్ బాబాయ్‌ని కడిగేసింది. నువ్వు మిషన్ వేసినప్పుడల్లా మా లైన్ పడిపోతోంది, నా పొట్ట కొట్టావు అంది. ఆయన మర్నాటి నుంచి పని ఆపుకుని, ఎలక్ట్రీషియన్‌ను పెట్టి వైరింగంతా విప్పిస్తున్నాడు. అక్కడి సుత్తి దెబ్బలు మరిదికి రోజంతా వినిపిస్తున్నాయి.

మెకానిక్ పెన్ డ్రైవ్‌తో కంప్యూటర్‌ను లేపి, ముందు డిజైన్లన్నీ వేరే డిస్కులోకి తీశాడు. సామాను బయట పెట్టుకున్నాకే ఇల్లు బాగుచేసుకోవాలన్నాడు. తర్వాత సగంలో ఆగిన అప్‌డేట్‌ను తొలగించమని ఆజ్ఞ ఇచ్చాడు. కంప్యూటర్‌ను ఆపవద్దని తెర హెచ్చరించింది. మరిది రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు.

"చేతులు కట్టడానికి తాడేమైనా తెమ్మంటావా?" అని నవ్వాడు మెకానిక్.

గంట దాటాక తెర మామూలుగా వెలిగింది. మరిది ఒక్కో డిజైనూ తెరిచి చూశాడు. అన్నీ ఉన్నాయి. అయినా కుర్చీలోంచి లేవలేదు.

పోయిందేమీ లేదు కదా, ఇంక చెప్పకపోయినా ఎవరికి నష్టమంటూ మెకానిక్ సంచి సర్దుకున్నాడు. గోడ అవతల సుత్తి చప్పుడు ఆగి, మళ్లీ మొదలైంది.

"విన్నావా అన్నా, లేని తప్పు వెతుక్కుంటున్నాడు. నువ్వు వెళ్తూ బాబాయ్‌ని ఒకసారి ఇటు రమ్మను. వదిన వచ్చే వేళైంది. ఇద్దరూ ఒకేసారి ఉండాలి, విడివిడిగా అయితే రెండోసారి నాకు నోరు పెగలదు. ఎందుకని బాబాయ్ అడిగితే మాత్రం నువ్వు చెప్పకు, ఆ మాట నేనే చెప్పాలి."