ఆయన పేరు, నా నక్షత్రం

మొన్న ధర్మపురి మండీలో ఎవరో తడిసిన పాత గోనెసంచులకు నిప్పు పెట్టారు. సంచుల అడుగున కాస్త చింతపండు అంటుకొని ఉన్నట్టుంది. ఆ పుల్లటి మాడిన వాసన ముక్కుకు తగలగానే, బేరం సగంలో ఉండగా నాకు మాట ఆగిపోయింది. అవతలి వ్యాపారి అదీ బేరంలో ఒక ఎత్తే అనుకొని తనంతట తానే ధర దించాడు. నేను కాదనలేదు. ఆ వాసన నాకు లాభం తెచ్చిపెట్టడం అదే మొదటిసారి.

ఆ వాసన వస్తే మునిరత్నం గుర్తుకొస్తాడు. ఎనభైల్లో మా వీధి చివర అద్దె ఇంట్లో ఉండేవాడు. అగ్నిమాపక దళంలో ఉద్యోగం. మా చింతపండు అంగడికి వచ్చి ధర అడిగి, ఒకటే మాట చెప్పేవాడు. "నేను ఇచ్చేది ఇంతేనన్నా. ఇస్తే ఇయ్యి, లేకుంటే పోతా." చివరి మాటను మొదటే బయటపెట్టేవాడు బేరానికి పనికిరాడని, అంగళ్ల మధ్య పుట్టి పెరిగిన నేను నవ్వుకొనేవాణ్ణి. మా అమ్మ మాత్రం ఆయనకు ఎప్పుడూ ఒక పిడికెడు ఎక్కువే వేసేది. నా అంగట్లో, నా కళ్లముందే, నా అమ్మ. నాకు ఒళ్లు మండేది.

ఎండలు మొదలయ్యే తమిళ మాసి నెలలో ఒక మధ్యాహ్నం మా ఇల్లు అంటుకుంది. కింద చింతపండు సరకు, మేడ మీద కాపురం. వెల్లిచందై ఊరి నుంచి వచ్చిన కొత్త సరకులో నిప్పు ఎలా పుట్టిందో ఇప్పటికీ తెలియదు. నేనూ పనివాళ్లూ బయటపడ్డాం. చెక్క మెట్లు కాలిపోయాయి. అమ్మ పైనే ఉండిపోయింది.

అగ్నిమాపక బండిలో మునిరత్నం, ఇంకొకాయన వచ్చారు. ఆ రెండో ఆయన నిచ్చెన పట్టుకున్నాడు. కాలిన పెంకులు భుజాల మీద పడుతున్నా చేతులు వదల్లేదు. మునిరత్నం కిటికీలోంచి లోపలికి దూకాడు. అమ్మ కదిలితే కదా. నలభై ఏళ్లు ఆ వీధిలో తలెత్తుకొని బతికిన మనిషి, అంగళ్లన్నీ చూస్తుండగా పరాయి మగవాడి భుజం మీద దిగనని మంచం కోడు పట్టుకొని కూర్చుంది. పెనుగులాడే మనిషిని ఎత్తుకుంటే నిచ్చెన మీద ఇద్దరూ పోతారు.

కింద నిలబడి నేనేం చేశాను? బేరం పెట్టాను.

"అమ్మా, దిగు. తీర్థమలై కొండకు పిలుచుకొని పోతాను."

పొగలోంచి గొంతు వచ్చింది. "పోయిన ఆడి నెలలో గూడా ఇదే చెప్పినావు."

"ఈసారి కారులో పిలుచుకొని పోతా."

దగ్గు మాత్రం వినిపించింది. నా దగ్గర పెంచడానికి ఇంకేమీ లేదు.

తర్వాత లోపల జరిగింది నేను చూడలేదు. అమ్మ బతికినన్నాళ్లూ చెబుతూనే ఉంది, ముఖ్యంగా నేను అన్నం తినేటప్పుడు. మునిరత్నం తన హెల్మెట్టు తీసి ఆమె తలకు పెట్టి, పక్కనే చతికిలబడ్డాడట.

"సరే పెద్దమ్మా. నేనూ ఈడనే కూసుంటా."

"నీకు పిల్లోళ్లు లేరా?"

"ఇద్దరుండారు."

"అట్లయితే లెయ్యి నాయనా, పో."

"నువ్వు లేస్తే లేస్తా."

అమ్మ లేచింది. హెల్మెట్టుతోనే ఆయన భుజం మీద దిగింది. పది అడుగులు వేశారో లేదో పైకప్పు కూలింది. హెల్మెట్టు లేని ఆయన ఎడమ చెవి అప్పటికే కాలిపోయింది. వీధంతా ఆయన చుట్టూ మూగింది. అమ్మను పట్టుకొని ఏడుస్తూనే నేను ఆ గుంపును చూసి కుళ్లుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గే, కాని నేను ఆడిన అబద్ధాలు అంగడి వరకు చాలు.

ఆయన అక్కడా తన బేరమే ఆడాడు. వెనక్కి తీసుకోలేనిదాన్ని మొదటే తక్కెడలో పెట్టాడు. నేనేమో తర్వాత తప్పించుకోగలిగినవే ఇస్తానన్నాను. గల్లా పక్కన నలభై ఏళ్లు కూర్చున్న అమ్మకు ఆ తేడా తెలియదా?

ఆ ఏడు ఆడి నెలలో ఆమెను తీర్థమలైకి తీసుకువెళ్లాను, కారులోనే. కొండ మీది గుళ్లో అర్చనకు పూజారి పేరు, నక్షత్రం అడిగాడు. "మునిరత్నం" అంది అమ్మ. ఆయన నక్షత్రం ఆమెకు తెలియదు. కాస్త ఆలోచించి, "ఉత్తర" అంది.

"అమ్మా, అది నాది."

"నువ్వు గూడా నా కొడుకే గదా. సర్దుకో."

మునిరత్నం బదిలీ అయి వెళ్లిపోయాడు, ఎక్కడున్నాడో తెలియదు. అమ్మ లేదు. ఏటా ఆడిలో ఆ కొండ ఎక్కుతాను. ఈసారైనా నా పేరు చెప్పుకోవాలని మెట్ల పొడుగునా నాతో నేనే బేరమాడుకుంటాను. పైన పూజారి అడుగుతాడు. ఆయన పేరు, నా నక్షత్రం చెప్పి చేతులు జోడిస్తాను.