నేను నిజంగా వెళ్లిన బోర్డు మీటింగ్

పెళ్లయిన కొన్నేళ్లకు నేను డైరెక్టర్‌నయ్యాను. మురిసిపోవాల్సిందేమీ లేదు. ఉప్పల్ రోడ్డుకు మెట్రో స్తంభాలు ఇంకా రాని రోజులవి. మా ఆయన నాచారంలో రేకుల షెడ్డొకటి అద్దెకు తీసుకుని ప్రెషర్ కుక్కర్లకు సేఫ్టీ వాల్వులు చేయించేవారు. లోపల ఆవిరి మితిమీరితే తెరుచుకుని వదిలేసే చిన్న వస్తువది. అది తెరుచుకోకపోతే కుక్కర్ పేలుతుంది.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి ఇద్దరు డైరెక్టర్లు ఉండాలట. రెండోదాన్ని నేను. పెన్సిల్‌తో గుర్తు పెట్టిన చోటల్లా సంతకం పెట్టడమే నా ఉద్యోగం. కాగితాల ప్రకారం ప్రతి బోర్డు మీటింగ్‌కూ హాజరే. ఆ టైముకు నేను చిల్కానగర్‌లో పప్పుకు పోపు పెడుతూనో, నల్లా దగ్గర బిందెలు నింపుతూనో ఉండేదాన్ని. షెడ్డుకు పోయేది దసరాకే, మిషన్లకు పసుపు కుంకుమ పెట్టడానికి.

ఒక సాయంత్రం ఆయన ఇంకో కాగితం తెచ్చారు. వాల్వులు పరీక్షించామని డైరెక్టర్లిద్దరూ సంతకం చేసి ఇవ్వాలని ఒక పెద్ద కుక్కర్ల కంపెనీ అడిగిందట. మర్నాడు సరుకు పోకపోతే ఆర్డరు చేజారుతుంది. దానికోసం ఎంత తిరిగారో, ఆయన కళ్లు పీక్కుపోయి ఉన్నాయి. చూస్తే జాలేసింది.

"పరీక్ష చేసిన్రా?" అన్నాను.

"చేసినట్టే. పెట్టు."

ఒళ్లు మండింది. వంట అయినట్టే అని నేనంటే ఈయన కంచం ముందు కూర్చుంటారా?

"ఇన్ని మీటింగులకు నేనొచ్చిన అని రాసిన్రు గదా. ఒక్కదానికన్న నిజంగ వస్త. నడువుండ్రి."

నవ్వారు, విసుక్కున్నారు, చివరికి స్కూటర్ తీశారు.

షెడ్డులో ఫోర్‌మన్ స్టూలు తుడిచి వేశాడు. "ఏంది వదినా, దసరా ఇప్పుడే వచ్చిందా?" అన్నాడు. నవ్వి, పరీక్ష చేసే మిషన్ ఏదని అడిగాను. అతను మా ఆయన వైపు చూశాడు.

"ఖరాబైంది. బాగయ్యెటందుకు వారం పడ్తది," అన్నారు ఆయనే. "మన సరుకు ఎన్నడన్న ఫెయిలైందా? జర సమజ్ చేస్కో."

డబ్బాలోంచి ఒక వాల్వు తీసి కొంగున ముడేసుకున్నాను.

"ఏం జేస్తున్నవ్?"

"మన కుక్కర్‌ది పాతదైంది. పొద్దుగాల దీనితోనే వండుత."

పంతానికి అన్నానో, ఆయన మీద నమ్మకంతో అన్నానో ఇప్పటికీ చెప్పలేను. ఆయన దగ్గరికొచ్చి, నా కొంగు ముడి విప్పి, వాల్వు తీసి మళ్లీ డబ్బాలో వేశారు.

"వద్దు," అన్నారు.

ఆ మాట ఆయన చెవికే ఎలా వినబడిందో గాని, డబ్బా మూత పెట్టి పక్కకు జరిపారు. తర్వాత ఆ కంపెనీకి ఫోన్ చేసి వారం గడువు అడిగారు. వాళ్లు ఇవ్వలేదు. ఆర్డరు పోయింది.

మిషన్ బాగయ్యాక ఆ సరుకు పరీక్షించారు. ఒక్కటీ ఫెయిల్ కాలేదు. ఆ సంగతి నాకు ముందు ఫోర్‌మనే చెప్పాడు. మా ఆయన ఇంటికొచ్చి ఏమంటారోనని భయపడ్డాను. అంటే పడదామనే అనుకున్నాను.

ఆయన వచ్చారు. చేతులు కడుక్కుని, జేబులోంచి ఒక వాల్వు తీసి, మా కుక్కర్ మూతకు తనే బిగించారు.

"ఇప్పుడు వండు," అన్నారు.