ఐసు మీద రాళ్లుప్పు

మా అల్లుడు జీపు కొన్నప్పటి నుంచి సెలవు వస్తే చాలు, ఏదో ఒక కొండ మీదికి పోయి గుడారం వేసుకుని పడుకుని రావడం వాళ్లింట్లో అలవాటైపోయింది. దారి ఉన్నచోట కాకుండా దారి లేనిచోట పోవడానికి బండి కొనుక్కోవడం మన తరంలో ఎవరికైనా తట్టిన సంగతేనా! మనం దారి లేని చోట్ల నడిచింది సరదాకు కాదు కాబట్టి నాకు ఆ వేడుక అర్థం కాదు. మొన్న ఆదివారం అల్లుడు, కూతురు, మనవరాలు వచ్చి, వసారాలో చేరి, జీపులో పెట్టుకుపోయే ఫ్రిజ్జు ఏది కొనాలా అని ఫోనులో వెతుకుతూ కూర్చున్నారు. ఎన్ని లీటర్లు పడుతుంది, గుంతల్లో ఎగిరెగిరి పడినా ఆగకుండా నడుస్తుందా, బండి బ్యాటరీని పూర్తిగా తాగేయకుండా తనంతట తానే ఆగుతుందా అని పిల్లను చూసే పెళ్లివారిలా ఒక్కొక్క దాన్నీ తిప్పి తిప్పి చూస్తున్నారు. నేను పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను.

వాళ్లకు ఆ పెట్టె కావలసింది కూల్‌డ్రింకుల కోసమొక్కటే కాదు. మా మనవరాలికి పోయిన ఏడాది షుగరు బయటపడింది. పదకొండేళ్ల పిల్ల, రోజూ ఇన్సులిన్ వేసుకోవాలి. అది ఎక్కడికి పోతే ఆ మందూ అక్కడికి చల్లగా పోవాలి. అల్లుడు ఒక పెట్టె దగ్గర ఆగి, మంచి ఎద్దును బేరమాడి తెచ్చినంత సంబరంగా, "ఇది చూడత్తా, మైనస్ ఇరవై దాకా పోతాది, ఎంత ఎండైనా లోపలేసింది రాయి మాదిరి గట్టిగుంటాది" అన్నాడు. నా చేతిలోని చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. అది మనకొద్దు అని నేను అరిచిన అరుపుకు ముగ్గురూ బెదిరిపోయారు. నాది మొదటి నుంచీ పెద్ద గొంతే, కానీ ఆ అరుపు కోపం వల్ల వచ్చింది కాదు.

నాకొక తమ్ముడుండేవాడు. వాడి సంగతి నా కూతురికి కూడా సరిగా తెలియదు, ఎందుకంటే మా ఇంట్లో వాడి పేరు ఎత్తితే మా నాయన లేచి బయటికి పోయేవాడు, అది చూడలేక మేమే మానుకున్నాం. మాది గుమ్మఘట్ట పక్క చిన్న పల్లె, గొర్రెల మంద మీద బతికిన ఇల్లు. తమ్ముడికి ఎనిమిదేళ్లప్పుడు ఉన్నట్టుండి ఒళ్లు తగ్గిపోయి, ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరక, చివరికి పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకుపోతే చక్కెర జబ్బు అన్నారు. ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే కాబట్టి సూది వేయడం నాకు నేర్పించి, మందు చల్లగా ఉంచండి అని చెప్పి పంపారు. ఎంత చల్లగా అని వాళ్లు చెప్పలేదు, మేమూ అడగలేదు. చల్లదనానికి కూడా ఒక హద్దు ఉంటుందని మా ఎండల్లో పుట్టినవాళ్లకు ఎట్లా తోస్తుంది? దీవించినా నీ కడుపు చల్లగుండ అని దీవించే జనం మేము.

కరెంటే సరిగా లేని పల్లెలో ఫ్రిజ్జు మాట ఎక్కడిది! మా అమ్మ ఒక పెద్ద కుండలో ఇసుక పోసి, ఇసుకలో చిన్న ముంత దించి, ముంతలో మందు సీసా పెట్టి, పైన తడిగుడ్డ కప్పేది. ఇసుక తడిగా ఉన్నన్నాళ్లూ లోపల చల్లగానే ఉండేది, ఏడాదికి పైగా మా తమ్ముణ్ణి బతికించింది ఆ కుండే. ఆ తర్వాత వరసగా వానలు పోయాయి. బావులు అడుగంటాయి, గొర్రెలకు మోడులు కూడా మిగల్లేదు. అటువంటి ఏట మా పక్క మందలవాళ్లు హగరి ఏరు దాటి పడమర కాలువ కింది పొలాలకు తోలుకుపోవడం మామూలు. కోతలైన చేలల్లో రాత్రిళ్లు మంద ఆపితే ఎరువు పడుతుందని ఆ రైతులు గింజలు కొలిచేవారు. తమ్ముణ్ణి వదిలిపోదామంటే సూది వేసేవాళ్లు లేరు, నన్ను కూడా వదిలిపోదామంటే చూసుకునేవాళ్లు లేరు. అందుకని రాత్రిళ్లు మంద చుట్టూ కట్టే వలలతో, గిన్నెలతో పాటు ఆ కుండను కూడా గాడిద మీద కట్టి అందరం బయలుదేరాం.

మందల్లో ఒక కట్టుబాటుంది. నీళ్లు దొరికితే ముందు నోరు లేని వాటికి, తర్వాతే మనుషులకు. హగరి ఇసుకలో చెలమ తీసి, ఊరిన నీళ్లు గొర్రెపిల్లలకు తాపి, మాకు ఇన్నిన్ని పోసి, మా అమ్మ తన వంతు నీళ్లను కుండ మీది గుడ్డకు పోసేది. ఆమె పెదవులు పగిలి నెత్తురు కారడం నేను చూశాను. అయినా ఆ ఎండకు గుడ్డ నిమిషాల్లో ఆరిపోయేది. హగరి దాటితే కాలువ దాకా చుక్క నీరు దొరకదని తెలిసి మా నాయన బస్సెక్కి రాయదుర్గం పోయి, సోడాలమ్మే అంగడిలో ఒక ఐసుగడ్డ కొని, రంపపు పొట్టులో దొర్లించి, గోనెసంచిలో చుట్టి నెత్తిన పెట్టుకుని వచ్చాడు.

అంత ఐసు మా తమ్ముడు ఎప్పుడూ చూడలేదు. ఎండకు వాడి నాలుక పిడచగట్టుకుపోతోంది. "నాయనా, రోంత ఐసు ఈయవా, నాలిక్కి పెట్టుకుంటా" అని చెయ్యి చాచాడు. "వద్దప్పా, అది మందుకు. మందు సల్లగుంటేనే నువ్వుంటావు" అన్నాడు మా నాయన. వాడు మంచి పిల్లవాడు, మళ్లీ అడగలేదు.

తిరునాళ్లలో పాలైసు అమ్మేవాడు డబ్బా చుట్టూ ఐసు వేసి, ఆ ఐసు మీద ఉప్పు చల్లడం మా నాయన చూసి ఉన్నాడు. మందవాళ్ల దగ్గర ఏది లేకపోయినా గొర్రెలకు నాకించే రాళ్లుప్పు ఉంటుంది. ఐసు కొట్టి ముంత చుట్టూ కూరి, గొర్రెల ఉప్పు గుప్పెళ్లతో తీసి దాని మీద పోశాడు. పొద్దు వాలినా మూత తీస్తే లోపలి నుంచి పొగ లాగా వచ్చింది. ఆయన ముఖంలో అంత వెలుగు ఆ కరువు మొదలయ్యాక నేను చూడలేదు. "ముట్టుకో సూడు మే, ఏలు కొరుకుతాండాది" అన్నాడు. ముట్టుకున్నాను, నిజంగానే కొరికింది.

మర్నాటి నుంచి వేళ తప్పకుండా సూది వేస్తూనే ఉన్నా తమ్ముడు వాడిపోసాగాడు. నీళ్లు, నీళ్లు అని ఒకటే అడగడం. కట్టుబాటు పక్కనపెట్టి మా నాయన గొర్రెల కంటే ముందు వాడికి తాపాడు, గొర్రెపిల్లలు అరుస్తున్నా తాపాడు. కానీ ఉన్న నీళ్లెన్ని? ఊపిరిలో మాగిపోయిన పండు వాసన వచ్చేనాటికి రోడ్డు మీదికి మోసుకుపోయి ఒక లారీని ఆపాం. ఆసుపత్రికి చేరేసరికి వాడికి తెలివి లేదు, మధ్యాహ్నానికి వాడే లేడు.

డాక్టరు మా సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు. ఆ మందు ఎప్పుడూ మబ్బుగానే ఉండేది కాబట్టి మాకు తేడా తెలియలేదు గానీ, అద్దానికి విరిగిన పాల తునకల్లాంటివి అంటుకుని ఉన్నాయి. దీన్ని ఐసులో పెట్టారా అని అడిగాడు. పెట్టినాం సారూ, ఉప్పేసి పెట్టినాం అన్నాడు మా నాయన, తన వంతు తాను సరిగ్గానే చేశానని చెప్పుకునే మనిషిలా. ఉప్పు పడితే ఐసు ఇంకా చల్లబడుతుందని, గడ్డకట్టిన మందు కరిగినా నీళ్లతో సమానమని డాక్టరు నెమ్మదిగానే చెప్పాడు. మా నాయన, "సల్లదనానికి మందు సచ్చిపోతాదా సారూ? మా పక్క ఎండకు సచ్చినోళ్లే గానీ, సలికి సచ్చినోళ్లను నేను యాడా సూడలేదే" అన్నాడు. 

కాశీకి పోయినవాళ్లు ఇష్టమైనది ఒకటి వదిలి వస్తారు. మా నాయన ఏ కాశీకీ పోకుండానే ఉప్పు వదిలేశాడు. గొర్రెలకు తన చేత్తోనే పెట్టేవాడు, తన సంగటిలోకి మాత్రం పోయేదాకా ఒక్క ఉప్పుకల్లు కూడా వేసుకోలేదు. మా అమ్మ ఒక్కసారి కూడా ఆయన్ను పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే ఆయన ఇంకొంత కాలం బతికేవాడేమో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇదంతా చెప్పాక అల్లుడు ఫోనులో ఆ పెట్టెను మూసేశాడు. తర్వాత చలి ఎక్కువ చూపే పెట్టె కాదు, చెప్పినంత చలి దగ్గర నిలబడే పెట్టె ఒకటి వెతికి కొన్నాడు. అది వచ్చిన రోజున మందు పెట్టడానికి నేను ఒప్పుకోలేదు. మిట్టమధ్యాహ్నం జీపును ఎండలో నిలబెట్టించి, ఆ పెట్టెలో అడుగున, మూల, గోడకు ఆనించి స్టీలు గ్లాసుతో నీళ్లు పెట్టించాను. పొద్దు గూకే వేళకు మనవరాలు మూత తీసి, గ్లాసు వంచి చూసి, "గడ్డకట్టలేదవ్వా, నీళ్లు కదులుతాండాయి" అంది.

ఇప్పుడు మా పక్క మందలు లారీల్లో పోతున్నాయి, హగరిలో చెలమ తీస్తే ఎంత లోతుకూ తడి తగలదు, ఐసు మాత్రం ప్రతి అంగట్లోనూ దొరుకుతుంది. ఎంత చలి కావాలో మీట నొక్కితే ఈ పెట్టె అంకె వేసి చూపిస్తుంది. ఆ అంకె ఒక్కటి నోటిమాటగా తెలిసి ఉంటే మా నాయనకు ఈ పెట్టెతో కూడా పని లేకపోయేది, ఉప్పు పోయని ఐసుతో మా అమ్మ కుండే చాలేది.

ఆ గ్లాసు నీళ్లు పారబోయడానికి మనసొప్పక నేనే తాగాను. గొంతు దిగేదాకా చల్లగా ఉన్నాయి. మా తమ్ముడు ఆఖరి రోజుల్లో తాగినవన్నీ ఎండకు కాగిన నీళ్లే. మందు ఎలాగూ పోయేదే అయినప్పుడు, వాడు చెయ్యి చాచి అడిగిన ఆ ఐసుముక్క ఒక్కటి వాడి నాలుక మీద పెట్టి ఉంటే ఎంత బాగుండేది.