ఈశాన్యంలో గొయ్యి

మా ఇంటి మీద పిడుగు పడిన సంగతి మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. పడింది మా ఇంటి మీద కాబట్టి మాకు తెలిసింది కొంచెమే, వాళ్లకు తెలిసింది బోలెడు. ఎదురింటావిడైతే నిప్పుల బంతి దొర్లుకుంటూ వచ్చి మా మేడ మీద కూర్చోవడం కళ్లారా చూసిందట. ఆ టైముకి ఆవిడ దుప్పట్లో దూరి అర్జునా ఫల్గుణా అని చదువుకుంటోందని వాళ్లాయనే చెప్పాడు.

మేం ఉండేది అరసవల్లిలో. నాన్న వైజాగ్ హార్బరులో బోటెక్కితే మళ్లీ ఎప్పుడు దిగుతాడో ఆయనకే తెలీదు. అమ్మ చేపలమ్ముతుంది. వారమంతా రేవు నుంచి తెచ్చిన కోనాం, చందువా, రొయ్యలు ముందు గదిలోని ఫ్రీజర్లో దాచి ఆదివారం అమ్మకానికి పెడుతుంది. గాలి గట్టిగా వీస్తే మా వైపు కరెంటు అందరికంటే ముందు పోతుంది, అందరికంటే వెనక వస్తుంది. అందుకే మేడ మీద సోలార్ ప్యానెల్సు, వాటి పక్కన పిడుగు కడ్డీ, మెట్ల కింద బ్యాటరీలు పెట్టించింది.

ఆ శుక్రవారం సాయంత్రం వానకి వీధి చివర స్తంభం ఒరిగిపోయింది. పిడుగుకి మా ఇన్వర్టరు మాడిపోయింది. ఫ్రీజరు నిండా ఆదివారం సరుకు. మూత తీయకుండా ఉంటే శనివారం సాయంత్రం దాకా ఆగుతుంది, ఆపైన ఆగదు. ఐసు తెద్దామంటే ఐసు ఫ్యాక్టరీకీ కరెంటు లేదు.

తెల్లారేసరికి పరామర్శలు మొదలయ్యాయి. పోయింది ఇన్వర్టరైనా వచ్చినవాళ్లంతా గొంతు తగ్గించే మాట్లాడారు, టీ మాత్రం తగ్గించలేదు. అమ్మ వాళ్ల అన్నయ్య, అంటే మా మావయ్య, కుర్చీ వేయించుకుని మధ్యలో కూర్చున్నాడు. మా ఇంట్లో ఏం జరిగినా పెద్దదిక్కు తనేనని ఆయన నమ్మకం. పక్కన అత్త.

"సూర్నారాయణస్వామి గుడి ఎదురుగుండా ఉండి, ఆయన ఎండనే పట్టి డబ్బాల్లో నింపుకుంటే ఊరుకుంటాడేటి?" అంది అత్త.

"పిడుగుల డిపార్టుమెంటు ఆయనది కాదత్తా, ఇంద్రుడిది," అన్నాను.

"ఈడికి బయం నేదు, బక్తి నేదు," అని అత్త మేడెక్కింది. అక్కడ తులసి కుండీ ముక్కలు ముక్కలై ఉంది. ఆవిడ చెంపలేసుకుని, "మీ మీదకొచ్చిన గండం తులసమ్మ తన మీదేసుకున్నాదే," అని కేకేసింది. అంతే, కింద టీ తాగుతున్నవాళ్లంతా పైకెక్కారు. పెంకులు కళ్లకద్దుకున్నారు. ఒకావిడైతే ఒక పెంకు కొంగున కట్టుకుపోయింది. అమ్మ మాత్రం ఫ్రీజరు పక్కనే పీట వేసుకుని కూర్చుంది, ఎవరైనా మూత తీస్తారేమోనని.

శ్రీకాకుళం నుంచి మెకానిక్ వచ్చేసరికి పది దాటింది. నల్లకళ్లద్దాలు పెట్టుకుని, ముందు కాలిన ఇన్వర్టరు పక్కన నిలబడి సెల్ఫీ తీసుకున్నాడు. తర్వాత పని చూశాడు. ఒక ప్యానెల్ వెనక డబ్బా కాలిపోయింది, దాన్ని తప్పించి మిగతావి కలిపేశాడు. వానాకాలం కదా, ఇన్వర్టర్ల కార్డులు సంచిలో సిద్ధంగానే ఉన్నాయి, ఒకటి మార్చేశాడు. చివరికి పిడుగు కడ్డీ నుంచి వచ్చే రాగి తీగ పట్టుకుని నడుస్తూ నడుస్తూ కుండీ పెంకుల దగ్గర ఆగాడు. తీగ కొస ఆ మట్టిలోనే ఉంది. మిగతాదంతా చుట్టచుట్టి పక్కన పెట్టారు.

"ఈ తీగ కుండీలో గుచ్చిందెవులు?"

అందరూ మావయ్య వైపు చూశారు.

సంగతేంటంటే, ప్యానెల్సు పెట్టిన రోజు అమ్మ రేవుకెళ్లింది. దగ్గరుండి చూసింది మావయ్య. తీగ నేలలోకి దింపి, చుట్టూ ఉప్పూ బొగ్గులూ పోసి ఎర్తింగు చెయ్యడానికి పనివాళ్లు పెరట్లో ఈశాన్యం మూల గొయ్యికి గుర్తు పెట్టారు. ఈశాన్యంలో ఉప్పూ బొగ్గులూ పాతితే ఇల్లు నిలబడదని, నిప్పు యవ్వారం ఆగ్నేయంలోనే ఉండాలని మావయ్య అడ్డం పడ్డాడు. ఆగ్నేయానికి తీగ చాలలేదు. పనివాళ్లని పంపేసి, దాన్ని మేడ మీదే తులసి కుండీలో గుచ్చాడు.

"మట్టి ఎక్కడైనా మట్టే కదేటి," అన్నాడు మావయ్య. పిడుగు మాత్రం ఒప్పుకోలేదు.

అత్త చేతిలోని పెంకు మెల్లగా కింద పెట్టేసింది.

"గొయ్యి తవ్వి తీగ పాతందే నేను స్విచ్చి వెయ్యను," అన్నాడు మెకానిక్. "మళ్లీ పడితే నా పేరు సెప్తారు. తీగ ఈశాన్యానికే అందుతాది, మీ ఇష్టం."

మావయ్య వాస్తు సిద్ధాంతికి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. "పూజలో ఉంటాడు, ఆగండి," అన్నాడు. ఆగాం. మధ్యాహ్నమైంది. ఫ్రీజరు కింద నుంచి సన్నగా నీళ్లు కారడం మొదలైంది.

"మావయ్యా, చేపలకి కూడా కాస్త వాస్తు చెప్పు. ఉత్తరానికి తలపెట్టుకోకుండా పడుకుంటాయి," అన్నాను.

అమ్మ లేచింది. కొంగు బిగించి గునపం పట్టుకుంది.

"అన్నియ్యా, ఈశాన్యం దోసం ఎప్పుడో తగులుతాది. సేపలు రేపు మద్దినానికే కంపు కొడతాయి."

రెండు పోట్లు పొడిచి గునపం నా చేతిలో పెట్టింది. "పొద్దున్నుంచి జోకులేస్తన్నావు కదా, ఊపిరి బాగానే ఉన్నాది. తవ్వు."

తవ్వాను. పైన మెత్తటి మట్టి, కింద ఎవరో ఎప్పుడో పారేసిన ఇటుక ముక్కలు. అరచేతులు బొబ్బలెక్కేసరికి నాకు జోకులు అయిపోయాయి. గొయ్యి నడుం లోతు వచ్చాక సిద్ధాంతి ఫోన్ చేశాడు. ఉప్పు లక్ష్మీదేవి స్వరూపమేనట, ముందు ఒక పసుపు కొమ్ము వేస్తే ఏ దోషమూ ఉండదట. మావయ్య పసుపు కొమ్ము వేశాడు. వెంటనే గొయ్యి ఆయనదైపోయింది. "నిటారుగా తవ్వు రా, వంకరొస్తంది," అని గట్టు మీద నుంచి నాకు చెప్పడం మొదలుపెట్టాడు. చీకటి పడేలోగా వీధిలో అందరికీ, తానే దగ్గరుండి ఈశాన్యం దోషం తీయించినట్టు చెప్పుకున్నాడు.

మెకానిక్ గోతిలో ఇనప కడ్డీ దింపి, ఉప్పూ బొగ్గులూ పోసి, నీళ్లు కొట్టి, తీగ బిగించి స్విచ్చి వేశాడు. ఫ్రీజరు ఒకసారి ఒళ్లు విదిలించి అందుకుంది. అప్పుడు అమ్మ మూత తీసింది. ఒక్కొక్క చేపనీ వేలితో నొక్కి చూసింది. అడుగున ఉన్నవన్నీ రాయిలా ఉన్నాయి. పైనున్న రొయ్యలు మెత్తబడ్డాయి. వాటిని గిన్నెలోకి తీసి పక్కన పెట్టింది.

"రేపు పొద్దున్నే ముందు అవి అమ్మెయ్యి, ఎవులికి తెలుస్తాది," అన్నాడు మావయ్య.

"తిన్నోడికి," అంది అమ్మ, కత్తిపీట ముందుకు లాక్కుంటూ.

ఆ రాత్రి రొయ్యల కూర మా వీధి అంతా తింది. మావయ్య రెండుసార్లు వడ్డించుకుని, ఉప్పు కాస్త తగ్గిందన్నాడు.

ఆదివారం పొద్దున్న వచ్చినవాళ్లలో చేపల కంటే కథ కోసం వచ్చినవాళ్లే ఎక్కువ. ఒకాయన అరుగు మీద తీరిగ్గా కూర్చుని, "పిడుగు ఎలా పడ్డాదమ్మా?" అని అడిగాడు.

"పై నుంచి కిందకి," అంది అమ్మ. "కోనాం ముక్కలు చెయ్యమంటావా, అలాగే తీసుకుంటావా?"

ఆయన ముక్కలు చెయ్యమన్నాడు. వెనక నిలబడినవాళ్లు కూడా సంచులు తీశారు. భోజనాల వేళకి ఫ్రీజరు అడుగు కనిపించింది.