శ్మశానం గేటుకు సెలూన్ అద్దం

ఆ రోజుల్లో మా గురజాల కుర్రాళ్ళు ఒకడి బండిని చూసి ఒకడు, ఒకడి ఫోను చూసి ఇంకొకడు కుళ్ళుకునేవాళ్ళు. నేను మాత్రం సమాధులను చూసి కుళ్ళుకున్నాను. నవ్వకండి. ఎనిమిదో తరగతిలోనే బడికి దండం పెట్టేసినవాడికి ఎన్ని ఉద్యోగాలు కాచుకుని ఉంటాయి? మిరపకాయల కోతకు పోతే కళ్ళు మండుతాయని, కారంపూడి రోడ్డు చివర ఉన్న ఊరి శ్మశానానికి కాపలాగా కుదిరాను. (కళ్ళు అక్కడా మండాయి. పొగకు కాదు, పక్కాయన్ని చూసి.)

పక్కాయనంటే రంగుల మామ. మా శ్మశానానికీ క్రైస్తవుల సమాధుల తోటకూ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. గోడకు అవతల ఆయన కాపలా, ఇవతల నేను. ఆయన చొక్కా మీద ఎప్పుడు చూసినా సున్నమో, నీలం రంగో అంటుకుని ఉండేది కాబట్టి ఊరంతా ఆయన్ని అలాగే పిలిచేది. ఏటా సమాధుల పండగకు జనం పిల్లాపాపలతో, పూలతో, కొవ్వొత్తులతో వచ్చి, తమవాళ్ళ సమాధులకు రంగులేసుకుని, “మామా, మా నాయన దగ్గర ఒక్క గడ్డిపరక కూడా లేకుండా ఉంచావయ్యా!” అని మురిసిపోయేవాళ్ళు. నేనూ చిల్లకంప కొట్టాను, మేకలను తరిమాను, స్నానాల కుళాయిని అద్దంలా తోమాను. ఏం లాభం? పని ముగించుకుని వెళ్ళేవాళ్ళు వెనక్కి తిరిగి చూడకూడదన్నది మావాళ్ళ ఆచారం. వచ్చేటప్పుడు ఏడుపు, పోయేటప్పుడు ఆచారం. ఇక నా ఊడ్పు చూసేదెవరు? బజ్జీల బండివాడికైనా “మళ్ళీ రండి” అనే భాగ్యం ఉంది, నాకు అదీ లేదాయె.

“ఏందిరా అల్లుడూ, మొహం అట్టా మాడ్చుకున్నావు?” అన్నాడు మామ ఒక పండగ సాయంత్రం, గోడ మీద మోచేతులు ఆనించి.

“నీకేం మామా, నీ దగ్గరికొచ్చినోళ్ళు ఏడాదికోసారన్నా వస్తారు. నా దగ్గరికొచ్చినోళ్ళు మెడ గూడా తిప్పరు.”

“ఉత్త బూడిద ఏం జూస్తారురా? నాలుగు మొక్కలు నాటు.”

నాటాను. మరుసటి ఏడు గేటు నుంచి కాటి దాకా బాటకు రెండు పక్కలా బంతి విరగబూసింది. ఎవరైనా ఒక్కరు, ఒకే ఒక్కరు, “బాగుందిరా” అంటే చాలనిపించింది. కానీ ఆ రెండు వరసల అందం గేటు దగ్గర నిలబడి వెనక్కి చూస్తే గానీ తెలియదు. అక్కడే వచ్చింది చిక్కు. అప్పుడే మా సెలూన్ బాబాయి కొట్టుకు కొత్త హంగులు చేయిస్తూ నిలువెత్తు పాత అద్దాన్ని బయట పడేశాడు. దాన్ని మోసుకొచ్చి గేటు స్తంభానికి, లోపలివైపుకు బిగించాను.

“వెనక్కి తిరగరు, ముందుకే చూస్తారు. ముందున్న అద్దంలో వెనకున్న తోట కనపడుద్ది. ఆచారానికి ఆచారం, తోటకి తోట!” అన్నాను.

“నీకు బుర్ర చానా ఉందిరా. వాడకుండా ఉంటే ఇంకా బాగుండేది,” అన్నాడు మామ. (కుళ్ళుతో అన్నాడనుకున్నాను. కుళ్ళేవాడికి లోకమంతా కుళ్ళుతున్నట్టే ఉంటుంది.)

ఆ వారంలోనే ఒక మిర్చి వ్యాపారి పోయాడు. అంతా అయ్యాక ఆయన తమ్ముడు, తల నెరిసిన పెద్దాయన, తడి తుండుతో ముందు నడుస్తుంటే, వెనకాల బంధువులందరూ తలలు దించుకుని బయలుదేరారు. గేటు దగ్గర పెద్దాయన తలెత్తాడు. అద్దంలోకి అలా చూస్తూ ఉండిపోయాడు. అంటాడు, ఇప్పుడు అంటాడు, అని నేను ఊపిరి బిగబట్టాను.

“ఒరేయ్, వెనక్కి చూపిస్తన్నాడ్రా ఈడు! అందరూ కళ్ళు మూసుకోండి!”

“అది ముందుకి చూట్టమే పెదనాన్నా, అద్దంలో గదా...” అన్నాడు వెనకనుంచి ఒక కుర్రాడు.

“మా అన్న కాలతా కనపడుతుంటే ముందేందిరా, వెనకేందిరా!”

బంధువులందరూ గట్టిగా కళ్ళు మూసుకుని ఒకరి భుజం ఒకరు పట్టుకున్నారు. ముందు పెద్దాయన ఇంజను, వెనకాల పెట్టెలు. ఆ రైలు రెండడుగులు వేసి, పట్టాలు తప్పి నేరుగా నా బంతిలోకి దిగింది. “ఎడమకి, ఎడమకి” అని నేను అరిస్తే సగం మంది వాళ్ళ ఎడమకూ, సగం మంది నా ఎడమకూ పోయి కుడివైపు వరసను కూడా వదల్లేదు. కళ్ళారా చూస్తారని పెంచిన తోటను కళ్ళు మూసుకుని తొక్కారు.

సాయంత్రానికి అద్దం తీసేయమని ఊరి పెద్దల నుంచి కబురు వచ్చింది. గోడ అవతల మామ కడుపు పట్టుకుని నవ్వీ నవ్వీ, కళ్ళు తుడుచుకుని అన్నాడు: “పారేస్తావేందిరా, ఇటియ్యి. తొక్కుడు పడని పూలు గూడా కొయ్యి. రేపు మా పండగ గదా.”

ఇచ్చాను. మర్నాడు చూద్దును గదా, ఆయన గేటుకు నా అద్దం! ఆడవాళ్ళు అందులో కొప్పు సర్దుకుంటున్నారు, పిల్లలు నాలుక చాపుతున్నారు, కుర్రాళ్ళు ఫోటోలు దిగుతున్నారు. సమాధుల మీద నా బంతి. “ఈ ఏడు పూలు చానా బాగున్నయ్ మామా!” అని ఒకావిడ అంటే, ఆయన “అవునమ్మా” అని, గోడ మీదుగా నాకు కన్ను కొట్టాడు. సొంత పూలను చూసి కుళ్ళుకున్నవాడు మా పల్నాడులో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఇప్పుడు ఆటో నడుపుకుంటున్నాను. ఆ తొక్కుడులో రాలిన విత్తనాలు మొలిచి, ఏటా తమంతట తామే పూస్తున్నాయి. మొన్న అటుగా వెళ్తుంటే ముసలి మామ గోడ మీదుగా పైపు పెట్టి మా వైపు బంతిని తడుపుతున్నాడు.

“ఎవరేశారో గానీ, శ్మశానంలో తోట ఎంత బాగుందే!” అంది వెనక సీట్లో ఒకావిడ.

“ఇంకెవరు, రంగుల మామేగా!” అంది పక్కావిడ.

ఇన్నేళ్ళకు ఎవరో ఒకరు నా తోట బాగుందన్నారు, పేరు తప్పితే ఏం? ఆటో కొంచెం నెమ్మది చేసి, పక్క అద్దంలో ఆ రెండు పసుపు వరసలనూ మలుపు దాకా చూసుకున్నాను. అద్దంలో చూడటం వెనక్కి చూడటం కిందికి రాదని నేను ఇప్పటికీ వాదిస్తాను.